అలలు మింగిన మరదలు

ఆఫీసులో మేమంతా ఆమెను మొండిఘటం అనేవాళ్లం. ఇంట్లో బావ మాత్రం అలల రాకాసి అని పిలిచేవాడు. సోలార్ సెల్‌లోకి వెలుతురు ఎంత దిగుతుందో కంప్యూటర్లో లెక్కకట్టడం ఆమె పని. పలచటి పొరల మధ్య వెలుతురు అటూ ఇటూ కొట్టుకుని తనమీద తానే పడుతుంది. దాంతో గ్రాఫు నిండా అలలు లేస్తాయి. లెక్కలో పొర అంతటా ఒకే మందంలో ఉంటుంది కాబట్టే ఆ గోల. నిజం పొర ఎగుడుదిగుడుగా ఉంటుంది, అందులో ఆ అలలు కనబడవు. అందుకని మందాన్ని కాస్త కాస్త మారుస్తూ మళ్లీ మళ్లీ లెక్క నడిపి, అన్నిటికీ సగటు తీసి ఆ అలల్ని అణిచేసేది.

మా ఆఫీసులోనే ఆ పొరలు పూసే గది ఆమె బావది, అంటే అక్క మొగుడిది. ఆమె ఉండేదీ వాళ్లింట్లోనే. సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే "ఇవాళ ఎన్ని అలలు మింగావే రాకాసీ?" అని కేకేసేవాడు.

కొత్త పొరతో కరెంటు పెరుగుతుందని తేలితేనే బావ గది ఉంటుందనీ, లేకపోతే మూసేస్తామనీ పైవాళ్లు చెప్పారు. మొదటి లెక్కలో పెరిగింది. మా పెద్దసారు మిఠాయి తెప్పించినంత పని చేశాడు. ఆమెకే అనుమానం. ఆ పెరుగుదల సరిగ్గా ఒక అల నెత్తిన కూర్చుని ఉంది.

"బావా, నీ పొర ఎంత సమంగా వస్తుంది? నిజం చెప్పు."

"ఏం సమం! మధ్యలో మందం, అంచుల్లో పలచన. ఆ మిషన్‌తో దేవుడొచ్చినా అంతే," అని నవ్వాడు, ఎందుకు అడుగుతోందో తెలియక.

ఆ తేడాలన్నీ పెట్టి సగటు తీసింది. అల పోయింది. పెరిగిన కరెంటూ దాంతోపాటే పోయింది.

"ఆ ఒక్క మందం దగ్గరే చూపిద్దామమ్మా, అబద్ధం కాదుగా," అన్నాడు పెద్దసారు.

"అలాంటి పొర ఎవరూ పూయలేరు సార్."

కూర్చున్న కొమ్మ నరుక్కోవద్దని నేనూ నెత్తీనోరూ కొట్టుకున్నాను. వింటేనా! ఆ రోజు వచ్చిన కోపం నాకింకా పూర్తిగా పోలేదు. లెక్క తప్పని మాత్రం అనలేను.

గదికి తాళం పడింది. బావ ఉద్యోగం పోయింది. "ఇంటి దీపమని ముద్దు పెట్టుకున్నాం, మూతి కాలింది," అంది అక్క, ఆమెకు వినబడేలాగే.

ఆ సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పి అక్కడే నిలబడిందట. బావ కుర్చీలోనే ఉన్నాడు. కేక లేదు.

"అడగవేం బావా?"

"ఇంకేం మిగిలిందని మింగుతావమ్మా," అన్నాడు.

ఆ గొంతులో కోపం లేదట. కోపమున్నా బాగుండేదని నా దగ్గర కూర్చుని ఏడ్చింది.