స్పిన్నర్ మోటారు కాల్చింది నేనే

మా మొదటి వాషింగ్ మెషీన్ సంగతి ఎప్పుడొచ్చినా మా బంధువులు ఒకటే అంటారు: ఎవడో చేతకాని మెకానిక్ మోటారు కాల్చేశాడు కదా అని. ఆ మాట వాళ్లకు చెప్పింది నేనే. అది అబద్ధం. అతను చేతకానివాడు కాదు, మోటారు కాల్చింది అతను కాదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తొంభైల చివరి రోజులవి. మాదాపూర్ బండరాళ్ల మధ్య ఆఫీసు భవనాలు లేస్తున్నాయి. వాటిలో ఒకదానికి కరెంటు పనులు చేసే కాంట్రాక్టు సంస్థలో నేను సైట్ ఇంజనీర్ని. నా భార్య నర్సు. గుంటూరు వైపు నుంచి వచ్చి చందానగర్‌లో రెండో అంతస్తులో అద్దెకుండేవాళ్లం. ఆమెకు రోజూ తెల్ల యూనిఫాం కావాలి, ఉన్నవి మూడు జతలు. వానాకాలం వచ్చిందంటే అవి పొద్దుటికి ఆరేవి కావు. తడి కాలర్‌తో రెండు మూడుసార్లు డ్యూటీకి వెళ్లాక, ఫ్రిజ్ మాట పక్కనబెట్టి ముందు వాషింగ్ మెషీన్ కొన్నాం. రెండు తొట్ల రకం. ఒకదాంట్లో ఉతుకుతుంది, పక్కదాంట్లో గిర్రున తిప్పి నీళ్లు పిండేస్తుంది. ఆ పిండే తొట్టినే స్పిన్నర్ అంటారు.

అక్కడి బోరు నీళ్లు ఉప్పగా, బరువుగా ఉండేవి. బకెట్లకు, కుళాయిలకు తెల్లటి పొర కట్టేది. మెషీన్‌కూ కట్టింది. ఏడాది తిరక్కుండానే స్పిన్నర్ కింద నీళ్లు కారడం మొదలైంది. చందానగర్ బజారులో మేం మెషీన్ కొన్న షాపుకి కబురు పెడితే వాళ్ల మెకానిక్ వచ్చాడు. నాకంటే పదేళ్లు పెద్దవాడు. బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో లేత్ మెషీన్ మీద చాలా ఏళ్లు పనిచేశాడు. అది మూతపడ్డాక ఈ పని నేర్చుకుని షాపులో చేరాడు. మేం వెళ్లే చర్చికే వచ్చేవాడు. వెనక వరసలో కూర్చుంటాడు కాబట్టి అంతవరకూ పలకరించుకున్నది లేదు.

స్పిన్నర్ అడుగున మోటారు మీద నీళ్లు పడకుండా ఒక రబ్బరు సీలు ఉంటుంది. అది మార్చాడు. తొట్టిలో నిమ్మ ఉప్పు వేసి ఒకసారి ఉత్తినే తిప్పి చూపించాడు.

"నెలకొక్కసారి గిట్ల చెయ్యిండ్రి అక్కా. ఈ నీళ్లు మనుషులనే తింటయ్, మిషన్‌ను ఇడుస్తయా?" అన్నాడు నా భార్యతో. తరవాత నా వైపు తిరిగి, మురికినీళ్లు బయటికి పోయే పైపు చూపించాడు. "ఇది మాత్రం ఎప్పుడు కిందనే ఉండాలె సార్. పైకి లేపితే స్పిన్నర్ల నీళ్లు నిలవడ్తయ్. నిలవడ్తే ముందు సీలు వోతది, ఎనక మోటర్ వోతది."

"నేను ఇంజనీర్నేలే" అన్నాను.

"అయితే ఇగ ఫికరే లేదు" అని నవ్వి వెళ్లాడు.

ఆ వారంలోనే బోరు ఎండింది. ట్యాంకర్ రెండు రోజులకోసారి వచ్చేది, ఆ నీళ్లూ ఉప్పవే. ఇంటి ఓనరు పోర్షన్‌కిన్ని బకెట్లని లెక్క పెట్టాడు. ఉతికిన నీళ్లన్నీ మోరీలోకి పోతుంటే నాకు ప్రాణం ఒప్పలేదు. నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి తెచ్చి బాల్కనీలో మెషీన్ పక్కన పెట్టి, పైపు ఎత్తి అందులో వేశాను. ఆ నీళ్లు లెట్రిన్‌కి వాడుకోవచ్చు. మెకానిక్ మాట గుర్తులేక కాదు. ఉతికే తొట్టిలో నీళ్ల మట్టం డ్రమ్ము అంచుకంటే పైనే ఉంది కాబట్టి నీళ్లు వాటంతటవే వస్తాయని లెక్క వేశాను. వచ్చాయి కూడా. డ్రమ్ము సగం నిండింది. కానీ ఆ అంచు ఎంత ఎత్తులో ఉందో, రెండు తొట్లకూ పైపు ఒకటే కాబట్టి స్పిన్నర్ అడుగున అంత ఎత్తు నీళ్లు ఎప్పుడూ నిలిచే ఉంటాయన్నది నేను ఆలోచించలేదు. పై లెక్క చూసుకుని అడుగు మరిచిపోయాను. మిగతా పోర్షన్ల వాళ్లను పిలిచి మరీ చూపించాను. "ఇంజనీరంటే ఇంజనీరే" అన్నారు వాళ్లు.

పది రోజులకు ఒక ఉదయం, నా భార్య డ్యూటీలో ఉండగా, స్పిన్నర్ మూలిగి ఆగిపోయింది. కాలిన వాసన వచ్చింది. స్విచ్ తీసి మూత ఎత్తి చూస్తే అడుగున నీళ్లు. ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. నేను చేసిన మొదటి పని డ్రమ్ములోంచి పైపు తీసి కింద మోరీలో పెట్టడం. రెండోది డ్రమ్మును బాత్రూంలోకి ఈడ్చేయడం. ఆ తర్వాత షాపుకి వెళ్లాను.

"మీ మెకానిక్ సీలు సరిగ్గా వెయ్యలేదండి. మోటారు కాలిపోయింది" అన్నాను.

షాపు సేటు మెకానిక్‌ని వెంటబెట్టుకుని మా ఇంటికే వచ్చాడు. మెకానిక్ వెనక రేకు విప్పి, స్పిన్నర్ బయటికి తీసి, చుట్టూ ఉండే తొట్టి లోపల టార్చి వేసి చాలాసేపు చూశాడు. నేనూ చూశాను. అడుగునుంచి జానెడు ఎత్తున చుట్టూ తెల్లటి ఉప్పు గీత ఉంది. నీళ్లు అక్కడిదాకా రోజూ నిలిచాయని అది చెబుతోంది.

"సార్, పైపు పైకి పెట్టిన్రా?"

"లేదు. కిందే ఉంది కదా, కనపడట్లేదా?"

అతను పైపు చివర చూశాడు, మళ్లీ గీత వైపు చూశాడు. "నీళ్లయితే నిలవడ్డయ్ సేట్. సీలు మంచిగనే ఏసిన. మోటర్ బాలానగర్ల వైండింగ్ చేపిస్త, రెండు దినాలల్ల మిషన్ నడుస్తది."

"ఏందయ్యా నువ్వు? సార్ ఇంజనీరు. హైటెక్ సిటీల బిల్డింగులకే కరెంటు వెట్టేటాయనకు పైపు ఏడ వెట్టాల్నో తెల్వదా? నీ లేత్ మిషన్ అనుకున్నవా ఇది?"

సేటు నవ్వాడు. నేనూ కొంచెం నవ్వాను. ఆ నవ్వు గురించే ఇంత రాస్తున్నాను. అప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. రెండు రోజులు చేత్తో ఉతుక్కునేవాళ్లం, అంతే. కానీ పది రోజుల ముందు "నేను ఇంజనీర్నేలే" అన్న నోటితో ఆ మాట రాలేదు.

పాతది ఇచ్చేసి ఫుల్ ఆటోమేటిక్ తీసుకోమన్నాడు సేటు. సాయంత్రం నా భార్యతో అంటే ఆమె ఒప్పుకోలేదు. "ఉతికే వైపు లక్షణంగా ఉంది కదండీ. ఒక్క మోటారు కోసం మొత్తం పారేస్తామా?" అంది. సేటు కొత్త మోటారు వేయించాడు. వేసింది వేరే మనిషి. "పాతాయనను బందు చేసిన సార్. మీసొంటోళ్ల దగ్గర పేరు పోతే షాపేం నడుస్తది?" అన్నాడు. నేను సరేనన్నట్టు తల ఊపాను.

మా చర్చిలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు, ఎవరిమీదైనా కోపముంటే, ఎవరికైనా అన్యాయం చేసి ఉంటే ముందు అది సరిచేసుకుని రమ్మని పాస్టరుగారు చెప్తారు. ఆ ఆదివారం ఆయన ఆ మాట అనగానే మెకానిక్ వెనక వరసలోంచి లేచి బయటికి వెళ్లిపోయాడు. నేను మాత్రం వరసలో ముందుకెళ్లి బల్ల తీసుకున్నాను.

ఆరాధన అయ్యాక అతను గేటు దగ్గర సైకిల్ పట్టుకుని ఉన్నాడు. నా భార్య పలకరించింది.

"ఏమైంది అన్నా, ఒంట్లో బాగోలేదా? మధ్యలో లేచిపోయారు?"

"మంచిగనే ఉన్న అక్కా. మనసుల కోపం ఉన్నది. కోపం వెట్టుకుని బల్ల ముట్టొద్దు గదా." నా ముఖం చూడకుండానే సైకిల్ ఎక్కాడు.

ఇంటికి నడుస్తుండగా ఆమె అడిగింది, ఆయనకు ఎవరిమీద కోపమని.  మార్కెట్ దాటాక, డ్రమ్ము వల్లే మోటారు కాలిన సంగతీ, పైపు తీసేసి అబద్ధం చెప్పిన సంగతీ, గీత సంగతీ అన్నీ చెప్పాను. ఆమె రోడ్డు మీదే ఆగిపోయింది.

"తప్పు చేసిన మీరు వెళ్లి బల్ల తీసుకున్నారు. ఆయన బయట నిలబడ్డాడు. ఇంక నేనేం చెప్పను?" అంది.

మర్నాడు సైటుకి సెలవు పెట్టి షాపుకెళ్లి సేటుకి అంతా చెప్పాను. ఆయన చేస్తున్న పని ఆపకుండానే విన్నాడు.

"అయిపోయిన ముచ్చట సార్. కొత్తాయన ఒచ్చిండు, పని మంచిగ చేస్తుండు. ఇప్పుడాయన్ను తీసేసి పాతాయన్ను తెమ్మంటరా? అదొక పాపం గాదా?"



మెకానిక్ మియాపూర్‌లో ఉంటాడని తెలుసుకుని అక్కడికీ వెళ్లాను. ఇంటి ముందు కుక్కర్ల మూతలు ముందేసుకుని రబ్బర్లు మారుస్తున్నాడు. తప్పు నాదేనన్నాను, సేటుకీ చెప్పొచ్చానన్నాను.

"గీత చూసిన్నాడే నాకు తెల్సు సార్" అన్నాడు. ఇంకో మూత అందుకుని, "డ్రమ్ముల నీళ్లు వట్టుకోవాల్నంటే మిషన్ కింద ఇనుప స్టాండు పెట్టి డ్రమ్ముకంటె ఎత్తుకు లేపాలె. బాలానగర్ల వెల్డింగ్ చేసిస్తరు. అడిగితే నేనే చెప్పేటోణ్ణి గద" అన్నాడు.

ఇకమీదట మెషీన్‌కి ఏమైనా మిమ్మల్నే పిలుస్తాను, ఇంకెవర్నీ పిలవను అన్నాను.

"కోపం లేదు సార్ ఇప్పుడు. అక్కకు చెప్పుండ్రి, కోపం పోయిందని. కానీ మీ ఇంట్ల పని నేను చెయ్య. రేపింకేమన్న అయితే మళ్ల నా మీదికే ఒస్తది."

స్టాండు చేయించాను. మెషీన్ ఇంకో ఆరేళ్లు నడిచింది. మధ్యలో రెండుసార్లు పాడైంది. రెండుసార్లూ నా భార్య చర్చిలో అతన్ని అడిగింది. రెండుసార్లూ అతను నవ్వుతూనే వేరే మెకానిక్ అడ్రసు ఇచ్చాడు.