తేరుకోనియ్యని బీరు
ఈడ కూచో అమ్మీ, సరిగ్గా విని రాసుకో. మిలిట్రీ నుంచి వచ్చిన మా మరిది, రాగులు మొలకెత్తించి ఇంట్లోనే బీరు చేసినాడు. కడవ నిండా బురద మాదిరి ఉండాది. దాన్ని తేటగా తేర్చి, పిల్లనిచ్చే మామకు పోసి మెప్పించాలని వాని ఆశ.

"వదినా, మీరు వంకలో బురదనీళ్ళు దేంతో తేరుస్తారు?" అని అడిగినాడు.

"చిల్లగింజను కడవ లోపల అరగదీసి, కదపకుండా పెట్టప్పా" అంటి.

నేనిచ్చిన గింజైతే అరగదీసినాడు గానీ, తేరిందా లేదా అని గడియకోసారి గరిటె పెట్టి కలిపినాడు, తెలివైనోడు!

మామ వచ్చి లోటాలోకి చూసినాడు. "ఏమప్పా, ఎనుములకు పెట్టే కుడితి నాకు పోస్తాండావే?" అని, పిల్ల మాటెత్తకుండా బండి కట్టించుకొని పోయినాడు.

ఇంగ చూడు, వీడు ఊరంతా తిరిగి నా గింజలే పుచ్చినాయని చెప్పినాడు. నేను ఊరుకుంటానా? ఆ గరిటె తీసుకొని నేరుగా వాని—

"అత్తా, సంగటి చల్లారిపోతాంది, తిందువు రా!" అని ఇంట్లోనుంచి కోడలు కేకేసింది.