చేప తోక దగ్గర మూడో జవాబు

ఆ రోజుల్లో ఇంటర్ ఎంపీసీ పిల్లలకి ఎండాకాలం, వానాకాలం తెలిసేవి కావు. ఏ సెక్షన్, బీ సెక్షన్ మాత్రమే తెలిసేవి. విజయవాడలో మా కాలేజీ వారం వారం పరీక్ష పెట్టి, మార్కులు తగ్గినవాళ్ళని కింది సెక్షన్‌కి దించేసేది. నేను ఏ సెక్షన్ ఆఖరి బెంచీ అంచున వేలాడుతున్న ప్రాణిని. అలాంటిది బుద్ధిగా ఉండొచ్చు కదా! ఓ పరీక్షలో 2ˣ = x² సాధించమన్నారు. అందరూ 2, 4 అని రాసి చేతులు దులుపుకున్నారు. నేను గ్రాఫు గీసి చూద్దును కదా, సున్నాకి ఎడమవైపు కూడా గీతలు రెండూ ఒకచోట కలిశాయి. మూడు జవాబులు రాశాను. మాస్టారు ఇంటూ కొట్టారు. "కీలో రెండేనమ్మా. మూడోది నీ పెన్సిలు లావు" అన్నారు. ఆ మార్కు పోతే బీ సెక్షనే. "పెద్దగా గీసి చూపిస్తానండీ" అన్నాను ఏడుపు ఆపుకుంటూ. "సోమవారం లోపల చూపించు మరి" అన్నారాయన.

మాస్టారిల్లు ఇబ్రహీంపట్నంలో మా కాలనీ చివరే. ఆదివారం పొద్దున చేపలు కొనుక్కుని మా గుమ్మం ముందునుంచే వెళ్ళేవారు. ఇంకేం, పక్కింటి పిన్నిగారి దగ్గర ముగ్గు అరువు తెచ్చి (మేం చర్చికెళ్ళేవాళ్ళం, మా ఇంట్లో ముగ్గు డబ్బా ఉండదు) వాకిట్లో చుక్కలు పెట్టాను. కుడివైపు రెండు జవాబులతో ఎవరికీ తగువు లేదు కాబట్టి ఎడమవైపు వరకే గీశాను. పైనుంచి దిగే గీతా, పడుకున్నట్టు వచ్చే గీతా నా కళ్ళముందే ఒకదాన్నొకటి దాటుకుపోతుంటే ఒళ్ళు పులకరించింది. "ప్రార్థనకి టైమవుతోంది, జడేసుకో!" అని అమ్మ కేకేస్తే లోపలికి పరిగెత్తాను.

జడ వేసుకుని వచ్చేసరికి మాస్టారు చేపల సంచీతో వాకిట్లో నిలబడి ఉన్నారు. "మూడన్నావు, అయిదు చేశావేంటమ్మా? పైగా దీనికి కన్నొకటి!"

చూద్దును కదా, రెండు గీతల చివర్లూ అటూ ఇటూ కలిసిపోయి, వాకిలి నిండా నిఖార్సయిన చేప. పిన్నిగారు ముగ్గు చేతులు దులుపుకుంటూ, "పిల్ల తలా తోకా కలపకుండా వదిలేసిందండీ. ముగ్గు తెరిచి ఉంచితే ఇంటికి మంచిది కాదని నేనే కలిపా. చేపలా కనిపిస్తే కన్నూ పెట్టా" అన్నారు. నా ఏ సెక్షన్ నీళ్ళలో కలిసిపోయిందనుకున్నాను.

మాస్టారు మాత్రం సంచీ పక్కన పెట్టి గొంతుక్కూర్చున్నారు. తోక మొదట్లో, గీతలు దాటుకున్నచోట, వేలు పెట్టి చుక్కలు లెక్కపెట్టారు. ఆ ముగ్గులోనే వేలితో ఏవో గుణకారాలు చేశారు. "మైనస్ ముప్పావు దాటాక... అరె, ఇది ఉందే!" అన్నారు. ఆయన మొహం చిన్నపిల్లాడిలా వెలిగిపోయింది. "మార్కు వేస్తాను. ఎక్కువ చేసిన రెండింటికీ కలిపి అరమార్కు కోత."

"అవి నావండీ, కోతేదో నాకే కొయ్యండి" అన్నారు పిన్నిగారు.

మిగిలిన అరమార్కుతోనే ఏ సెక్షన్‌లో బతికిపోయాను. ఇప్పుడు ఏ సమీకరణం కొట్టినా ఫోన్లో రెప్పపాటులో గీతలు ప్రత్యక్షం; వాటి చివర్లు మటుకు తెరుచుకునే ఎటో వెళ్ళిపోతాయి. పిన్నిగారు ఇప్పుడు లేరు. జవాబు దొరికాక కూడా ఫోను పక్కన పెట్టలేక, ఆ చివర్లు కలుపుదామని వేలు పెడతాను. గ్రాఫు పక్కకి జరుగుతుందే తప్ప చేప కాదు.