గేటు నుంచి గడప దాకా

మా సొంత ఇంటి గేటు నుంచి గడప దాకా ఉన్న పాతిక అడుగుల నేల మీద ఏం వేయించాలో తేల్చుకునే హక్కు మాకు లేదని మా కాలనీ సంఘం తీర్మానించింది. ఇకమీదట ఎవరు వేయించినా ఎరుపూ పసుపూ ఇంటర్‌లాకింగ్ బ్లాకులే వేయించాలట. కాలనీ అందం కోసమట. ఆ నోటీసు చేతికివ్వడానికి కూడా మనసొప్పక, పాల ప్యాకెట్టు కింద పెట్టి పోయారు.

మెట్రో ఇంకా నోయిడా దాకా రాని రోజులవి. నేను మిలటరీ వర్క్‌షాపులో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాను. మా ఆవిడ ఢిల్లీ ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు నర్సు. అన్నేళ్లు నిలబడి చేసిన ఉద్యోగం చివరికి మోకాలి మీదకు వచ్చింది. ఆ ఎండాకాలం ఆపరేషను చేయించాం. డాక్టరు వాకరు చేతికిచ్చి, జారిపడితే మాత్రం కథ మళ్లీ మొదటికొస్తుందన్నాడు.

ఇల్లు కట్టడంలో డబ్బంతా అయిపోయి, గేటు లోపల అప్పటికింకా మట్టి, ఇటుక ముక్కలే. వాటి మీద వాకరు నిలవదు. ఆమె గడప దాటలేదు, చర్చికి పోలేదు. “మీరు ఆ నేల ఎప్పుడు వేయిస్తే అప్పుడే నాకు ఆదివారం” అనేది.

సంఘం సెక్రటరీ రిటైరైన ఇంజనీరు. వెళ్లి, ఆ బ్లాకులు మాకు పనికిరావన్నాను. ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, “ఆప్ ఇంజనీర్ హైఁ క్యా?” అన్నాడు.

నేను చదివింది ఎనిమిదో తరగతి. మిగిలినదంతా రెజిమెంటు లైబ్రరీలో సొంతంగా చదువుకున్నదే. “కాదండీ. కానీ నేను బాగుచేసిన ట్రక్కులు ఇంకా తిరుగుతున్నాయి. మీరు కట్టించిన పార్కు గోడ మూడో ఏడే పడుకుంది” అన్నాను, హిందీలోనే, ఒక్క తప్పు లేకుండా. ఆయన ఏమున్నా రాసివ్వమన్నాడు.

రాయాలంటే ముందు పరీక్షించాలి. మా వైపు పొద్దున్నే ఇంటింటా పైపు పెట్టి కారునీ, కారు ముందు నేలనీ కడిగేస్తారు. జారుడు చూడాలంటే అదే సమయం. మా ఆవిడ వాకరు తీసుకున్నాను. నడిచేది ఆమె కాబట్టి ఆమె చెప్పులే తొడుక్కున్నాను. నా మడమలు రెండంగుళాలు బయటికొచ్చాయి. కడగని ఇళ్ల కోసం ఒక చిన్న బకెట్టులో నీళ్లు.

మొదట మూలయింటి పంజాబీ ఆవిడ గేటు లోపలికెళ్లాను. అద్దంలాంటి గ్రానైటు. వాకరు ముందూ నేను వెనకా వెళ్లి ఆమె కారుకు కొట్టుకున్నాం.

“అరే భాయీ సాబ్! యే కబ్ హువా?” అని, నాకిలా ఎప్పుడైందని అడుగుతూ ఆవిడ పరుగెత్తుకొచ్చింది.

నాకేం కాలేదమ్మా, పరీక్ష చేస్తున్నాను అన్నాను. “హాఁ హాఁ, కుఛ్ నహీఁ హువా, ఆప్ బైఠియే” అని, ఏం కాలేదులే కూర్చోమంటూ స్టూలు వేసి, చాయ్ ఇచ్చి, నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం ఉందేమో చూసింది.

పక్కింట్లో గులకరాళ్లు. వాకరు కాళ్లు నాలుగూ జానెడు లోతుకు దిగిపోయాయి. పీకడానికి ఇద్దరు కావాల్సొచ్చింది. ఆ తర్వాతి ఇంట్లో నున్నటి కోటా రాయి పలకలు. పొడిగా ఉన్నప్పుడు పెద్దమనిషే, సబ్బునీళ్లు పడ్డాయో మాట మీద నిలబడదు. చివరికి సెక్రటరీ గారి బ్లాకులు. కిందటేటి వానకే మూడు కుంగి ఉన్నాయి. వాకరు రబ్బరు కాలు సరిగ్గా ఆ గుంటలోకే పోయి తన్నుకుంది. ఎంత కుంగాయో స్కేలు పెట్టి కొలవడానికి ఆయన గేటు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆయన బాల్కనీలోంచి చాలాసేపు చూసి తెర లాగేసుకున్నాడు.

నేను వెతికింది పాలబూత్ ముందు దొరికింది. మామూలు సిమెంటు వాలు, తడి ఆరకముందే చీపురుతో గీతలు లాగారు. బకెట్టు నీళ్లు కుమ్మరించి, వాకరు పట్టుకుని రెండుసార్లు గెంతాను. జారలేదు. పైగా అన్నిటికంటే చవక. పాల కోసం నిలబడ్డవాళ్లు తప్పుకుని దారిచ్చారు.

“ఏవండీ, నా చెప్పు తెగ్గొట్టారా?” అంది మా ఆవిడ, నేను ఇంటికి రాగానే.

“ప్రయోగంలో పోయింది.”

“దిట్టమైన నేల వేయించి నన్ను ఒంటి చెప్పుతో నడిపిస్తారా?”

నాలుగు పేజీల ఉత్తరం ఇంగ్లీషులో, బొమ్మలతో సహా రాశాను. జవాబు లేదు. ఇంకోటి రాశాను. ఐదు ఉత్తరాలయ్యాయి. ఆకాశం మబ్బేసింది.

“మీకు నెగ్గడం కావాలా, నేను నడవడం కావాలా? ఆ బ్లాకులే వేయించెయ్యండి, నేనే చూసుకుని నడుస్తా” అందామె ఒక ఆదివారం, చర్చికి కట్టుకునే తెల్లచీర మడత పెట్టుకుంటూ.

“నువ్వు పడితే?”

ఆమె చీర పక్కన పెట్టింది. “అసలు నా మోకాలి సంగతి రాశారా?” అంది.

“సిమెంటు గురించి రాసేచోట మోకాలెందుకు? నీ మోకాలు వాళ్ల ఫైల్లోకి ఎక్కడం నాకిష్టం లేదు.”

“ఐదు ఉత్తరాలు రాసి ఆ ఒక్క ముక్కా రాయలేదా! ముందు రాయండి.”

ఆరోది రాశాను. ఆమె పేరు మాత్రం ఎత్తలేదు. ‘మా ఇంట్లో ఒకరు వాకరుతో నడుస్తున్నారు, అందుకే గీతల సిమెంటు కావాలి’ అని రెండు లైన్లు, అంతే.

నాలుగో రోజున సంఘం ముద్రతో ఇంగ్లీషులో జవాబొచ్చింది. మా ఆవిడ పైకి చదవడం మొదలుపెట్టి, నవ్వు ఆపుకోలేక రెండుసార్లు కాగితం దించేసింది. తెలుగులో చెప్పాలంటే అందులో ఉన్నది ఇదీ:

“మహాశయా, వాకరుతో, బకెట్టుతో, ఆడవారి చెప్పులతో మీరు ఇంటింటికీ తిరుగుతూ పడిన అవస్థను కమిటీ సభ్యులు కళ్లారా చూశారు. మీ శారీరక, మానసిక పరిస్థితిని దృష్టిలో ఉంచుకుని, మీ ఒక్క ఇంటికి సిమెంటు వేసుకోవడానికి సానుభూతితో అనుమతి ఇవ్వడమైనది. మీ శ్రీమతి గారు వృత్తిరీత్యా నర్సు కావడం మీ అదృష్టం. ఇంతకాలంగా ఆమె చూపుతున్న ఓర్పుకు కమిటీ తన అభినందనలు తెలుపుతున్నది.”