ఇటలీ కొండ మీద ఉరుకుందప్ప తువ్వాలు

మా ఉరుకుందప్ప లెక్కలో ఈ భూమ్మీద చోట్లు రెండే రకాలు. తువ్వాలు వేసినవి, వేయనివి. వేయని చోటు ఎవరిదైనా కావచ్చు. వేసిన చోటు మాత్రం సాక్షాత్తు ఉరుకుంద ఈరన్నస్వామి దిగివచ్చి అడిగినా ఇవ్వడు.

ఎమ్మిగనూరు బస్టాండులో నా ఉగ్గాని బజ్జీల బండి ఎదురుగానే ఆదోని బస్సులు ఆగుతాయి. ఒకరోజు బస్సు ఇంకా ఆగకముందే మావాడు పక్కనే పరుగెత్తి కిటికీలోంచి తువ్వాలు విసిరాడు. తోపులాటలో పడి లోపలికి పోయేసరికి, ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి ఒకడు ఆ తువ్వాలును పక్కకు నెట్టి దర్జాగా కూర్చున్నాడు. పైగా దీని మీద నీ పేరు రాసి ఉందా అని అడిగాడు. బస్సంతా చెవులు రిక్కించింది. నేను బజ్జీలను నూనెకు వదిలేసి చూస్తున్నాను.

ఉరుకుందప్ప గొంతు పెంచలేదు.

"అన్నా, నువ్వు గుడికి పోతావు. చెప్పులు బయట ఇడుస్తావు. మొక్కుకోని వచ్చేతలికి నీ చెప్పులు ఇంగొకడు తొడుక్కోని నిలబడింటాడు. ఏందప్పా అంటే, దీంట్లో నీ కాలు లేదు కదా అంటాడు. అప్పుడు నువ్వేం జేస్తావు?"

పెద్దమనిషి తన చెప్పులు ఒకసారి చూసుకుని లేచాడు. కండక్టరు కూడా తీర్పు సరిగానే ఉందన్నట్టు విజిల్ వేశాడు.

తీరా బస్సు కదిలినప్పుడు చూస్తే, ఆ సీట్లో కోసిగి నుంచి వలస పోయే ఆడమనిషి ఒకామె కూర్చుని ఉంది. ఒళ్లో బిడ్డ, కాళ్ల దగ్గర మూట. మావాడేమో పైకడ్డీ పట్టుకుని గబ్బిలంలా వేలాడుతున్నాడు. నా బజ్జీలు మాడిపోయాయి, నా ఒళ్లు మండిపోయింది. అంత కొట్లాడి గెలుచుకున్నది ఎవరో వచ్చి కూర్చుంటే చూస్తూ నిలబడతాడా మనిషి? ఇదేమైనా ఒక్కరోజు ముచ్చటా? ముప్పై ఏళ్లుగా ఇదే తంతు. వీడికి గెలవడం వచ్చు, కూర్చోవడం రాదు. ఆ మాట అతని మొహం మీదే వెయ్యిసార్లు అన్నాను.

ఉరుకుందప్ప నాకు పిన్నమ్మ కొడుకు, నాకంటే ఆరేళ్లు చిన్న. మగ్గం నేస్తాడు. భార్య పోయి పదేళ్లయింది, పిల్లలు లేరు. తన తువ్వాళ్లు తనే నేసుకుంటాడు, ఎర్ర అంచు, పచ్చ గళ్లు. భుజం మీద ఒకటి, సంచిలో మూడు. తన పెళ్లికి ముందురోజే పోయి పీటల మీద తువ్వాలు పరిచి వచ్చిన ఘనుడు. పెళ్లికొడుకువి నువ్వే కదరా అంటే, "ఏమో అక్కా, జనం శానా వస్తారంటాండారు" అన్నాడు. ఒళ్లు రాయిలా ఉండగానే ఆదోని పెద్దాసుపత్రి వరుసలో తువ్వాలు వేసి నిలబడతాడు. జబ్బు లేకుండా ఎందుకంటే, వచ్చినాక వేస్తే చోటు దొరకదంటాడు. పెళ్లి భోజనాల్లో మొదటి పంక్తిలో అయిదు కుర్చీలు పట్టి, చివరి పంక్తిలో చల్లారిన చారన్నం తింటాడు. ఒక్క శ్మశానంలోనే ఇంకా వేయలేదు. అక్కడ పోటీ లేదట.

ఇలాంటివాడికి దేవుడు ఇటలీ ఇచ్చాడు.

మేనకోడలి పెళ్లికని ఆదోనిలో ఒక షాపులో చీర కొన్నాడు. వాళ్లు ఒక కూపన్ చేతిలో పెట్టారు. నెల తిరక్కముందే ఫోన్ వచ్చింది. మొదటి బహుమతి నీకే, ఇటలీ దేశంలో సముద్రం కనబడే కొండ మీద ఒక ఊరు, ఆ ఊర్లో గొప్ప హోటలు, అయిదు రాత్రులు, ఇద్దరికి. రానూపోనూ ఎనిమిది రోజులు. విమానం, వీసా, తిండి అన్నీ షాపువాళ్లవే. ఎవరెవరు పోతారో రెండు నెలల్లోపు పేర్లు, పాస్‌పోర్టులు తెచ్చివ్వాలి. తను పోయినా సరే, తన బదులు ఎవరిని పంపినా సరే.

ఇద్దరికి అన్న మాట మా వీధిలో పిడుగులా పడింది. ఒకడికి సీటు ఖాయం, రెండో సీటు ఎవరిది? పదేళ్లుగా పలకరించని బావమరిది సీతాఫలాలు పంపాడు. ఎవరడిగినా మావాడిది ఒకటే జవాబు, తువ్వాలు ఏసినాను, కూసునేవాళ్లు వస్తారు.

దాచడమెందుకు, నాకు పోవాలని ఉండింది. నలభై ఏళ్లుగా బస్సులు పోతుంటే చూస్తున్నాను. నేనెక్కినవన్నీ మాపటికల్లా నన్ను తెచ్చి ఇక్కడే దించాయి. కానీ నేను అడగను. అడిగితే ఇచ్చేది దానం, అడక్కుండా ఇచ్చేది వరస. అతని ఉగ్గాని పొట్లంలో రోజూ రెండు బజ్జీలు ఎక్కువ వేశాను, అంతే. ఎవరికీ చెప్పకుండా స్టూడియోకు పోయి పాస్‌పోర్టు ఫోటో కూడా దిగాను. నవ్వొద్దమ్మా అన్నాడు ఆ ఫోటోవాడు. నేనెప్పుడు నవ్వానని.

ఇక మొదలైంది యాత్రా ప్రణాళిక. దానికి కచేరీ మా ఎదురింటి అరుగు. ఆ ఇంట్లో ప్రకాష్, అతని పెళ్లాం జ్యోత్స్న, అతని తల్లి హులిగెమ్మ ఉంటారు. ప్రకాష్ ఆదోని పత్తి మిల్లులో పని చేస్తాడు. హులిగెమ్మ జారిపడి తుంటి విరిగి నాలుగేళ్లుగా మంచం మీదే ఉంది. తుంటి ఒక్కటే విరిగింది, నాలుక కత్తిలా ఉంది. ఆమెను చూసుకోవడానికి పెట్టిన ముగ్గురు ఆడవాళ్లలో ఇద్దరు మధ్యాహ్నానికే పారిపోయారు, మూడో ఆమె చెప్పులు కూడా వదిలి పోయింది. అందుకని జ్యోత్స్న నాలుగేళ్లుగా ఆ గడప దాటి వీధి చివరికన్నా పోయింది లేదు. ప్రపంచమంతా ఫోన్లోనే చూస్తుంది. ఇంగ్లీషు చదివిన పిల్ల కాబట్టి హోటలువాళ్లతో మాటలన్నీ ఆమె చేతే.

ఆ పిల్ల ఫోన్లో ఊరు చూపించింది. కొండకు తేనెపట్టులా ఇళ్లు. మన ఆదోని కోట కొండకు సున్నం కొట్టి, కింద సముద్రం పోస్తే అదే. గది రాతి గుహలాగా ఉంది, గది నడుమ స్నానాల తొట్టి. మనిషికి సిగ్గు లేనప్పుడు గోడలెందుకు కట్టారో నాకు అర్థం కాలేదు. కొండ అంచున ఈతకొలను, దాని చుట్టూ పడుకునే కుర్చీలు. మనుషులు లేరు. కుర్చీకొక తువ్వాలు పరిచి ఉంది.

ఉరుకుందప్ప ఆ ఫోటోను చాలాసేపు చూశాడు. కళ్లలో నీళ్లొక్కటే తక్కువ.

"చూడక్కా, ఆడ గూడా ఏస్తారు. నమ్మదగిన జనమే."

అప్పటి నుంచి హోటలు మీద గౌరవం పెరిగింది, విమానం మీద అనుమానం పుట్టింది. విమానం కిటికీలు తెరుచుకోవని జ్యోత్స్న చెప్పగానే మనిషి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. కిటికీ తెరవని బండిలో సీటెట్లా పడతారప్పా అని బస్టాండులో ప్రతి డ్రైవరునూ అడిగాడు. సీటుకు నంబరు ముందే ఇస్తారని ప్రకాష్ నచ్చజెప్పబోతే, ఎర్రబస్సులో కూడా నంబర్లు ఉంటాయి, వాటి మీద ఎవరు కూర్చుంటారో నాకు తెలుసులే అన్నాడు.

అంతలో హోటలు నుంచి గది ఖాయమని ఉత్తరం వచ్చింది. జ్యోత్స్న చదివి వినిపించింది. ఉరుకుందప్పకు తృప్తి కలగలేదు. కాగితాన్ని చూసి ఎవడైనా లేస్తాడా? తువ్వాలును చూసి లేస్తాడు గానీ. వారం రోజులు మగ్గం మీద కూర్చుని, ఒక మంచానికి సరిపోయే తువ్వాలు నేశాడు. ఎర్ర అంచు బెత్తెడు వెడల్పు. దాన్ని కొరియరు ఆఫీసుకు మోసుకుపోయాడు. నేనూ వెంట పోయాను, రెండో సీటు సంగతి దారిలో చెప్పకపోతాడా అని. లోపల ఏముందని కొరియరాయన అడిగితే సీటు అన్నాడు. ఆయన బొమ్మకుర్చీ అని రాసుకోబోతుంటే నేనే అడ్డుపడి తువ్వాలని రాయించాను. దారిలో ఏమీ చెప్పలేదు.

ఇరవై రోజులకు ఇటలీ నుంచి ఫోటో వచ్చింది. రాతి గుహలో తెల్లటి పరుపు, దాని మీద మా ఎమ్మిగనూరు తువ్వాలు, పక్కన దండం పెడుతున్న హోటలు పిల్ల. ఇంత అందమైన కానుక పంపినందుకు కృతజ్ఞతలని రాశారు. కానుక కాదని, ఎవరొచ్చినా దాన్ని తీయకూడదని, తీస్తే అక్కడ కూర్చున్నవాణ్ని లేపే పూచీ హోటలువాళ్లదేనని ఉరుకుందప్ప జ్యోత్స్న చేత తిరిగి రాయించాడు. వాళ్లు అట్లాగే కానిస్తామన్నారు. మా ఊరి మున్సిపాలిటీ కూడా ఇంత మర్యాదగా జవాబివ్వదు.

పాస్‌పోర్టుల పని పడింది. కర్నూలు పోవాలి. నన్ను పిలుస్తాడని ముందురోజే మంచి చీర తీసి పెట్టుకున్నాను. అతను ప్రకాష్‌నూ జ్యోత్స్ననూ తీసుకుని పోయాడు. హులిగెమ్మ దగ్గర ఆ పూట ఆమె చెల్లెలు కూర్చుని, సాయంత్రానికి ఏడుస్తూ పోయింది. సంగతేమిటని ప్రకాష్‌ను అడిగితే, ఉరుకుందప్ప మామ ఫారం నింపడం తనకు రాదని, ముందు మీవి నింపండి, చూసి నాది నింపుకుంటానని తమ చేత నింపించాడని చెప్పాడు. నేను నవ్వాను. పిచ్చివాడు, కూర్చోవడమే కాదు, రాయడం కూడా పక్కవాళ్లను చూసే అనుకున్నాను. మంచి చీర మడిచి పెట్టెలో పెట్టాను.

పేర్లివ్వాల్సిన రోజు పొద్దున్నే నా బండి దగ్గరికి వచ్చాడు. బల్ల మీద తువ్వాలు పరిచాడు. ఎప్పటిలాగే కూర్చోలేదు. ఆదోని బస్సుకు ఇంకా పావుగంట ఉంది. సంచిలోంచి రెండు పాస్‌పోర్టులు తీసి, నా పిండి చేతులు తగలకుండా దూరం నుంచే చూపించాడు. ఒకటి ప్రకాష్‌ది. ఒకటి జ్యోత్స్నది.

మరి నీదెక్కడ అన్నాను.

"నాది నింపనే లేదక్కా. నాకు కూసునేది రాదని నువ్వే అంటావు కదా."

అప్పుడు వెలిగింది నా బుర్రలో. కోసిగి ఆడమనిషీ, ఆసుపత్రి వరుసా, పెళ్లి పంక్తిలో అయిదు కుర్చీలూ. ఎవరో వచ్చి కూర్చోలేదు. వీడే కూర్చోబెట్టాడు. నేనేమో ముప్పై ఏళ్లు వీణ్ని చేతకానివాడనుకుని బజ్జీలు మాడ్చుకున్నాను. అయినా కోపం కోపమే. రవికలో దాచుకున్న నా పాస్‌పోర్టు ఫోటోలు నాలుగూ గుచ్చుకుంటున్నాయి. అక్క గుర్తుకు రాలేదా అని అనేశాను. అనకూడదనుకున్నది అనేశాను.

"గుర్తుంది. నువ్వు అడగవు, ఆ పిల్లా అడగదు. అడగనోళ్లు ఇద్దరుంటే ఎవర్ని కూసోబెట్టాల? నాలుగేండ్లు నిలబడినదాన్ని."

నేను అతని పొట్లం కట్టాను. కానీ ఆ పిల్ల పోయేదెట్లా? హులిగెమ్మను ఎవరు చూస్తారు? జ్యోత్స్న కూడా అదే పట్టు పట్టిందట. అత్తను వదిలి అడుగు కదపనని రాత్రి నుంచి మొండికేసిందట. మధ్యాహ్నం పన్నెండులోపు షాపులో పేర్లు పడకపోతే బహుమతి తర్వాతివాళ్లకు పోతుంది.

"మాపు వంట నాది, రాత్రి కాపలా నాది. పగలు నువ్వు పోవాలక్కా," అన్నాడు.

ఆ నోటితో నేను పడలేనన్నాను. ఆ మాట అంటుండగా నాకే నవ్వొచ్చింది.

"అందుకే నువ్వు. జ్యోత్స్న అన్నిటికీ సరే అత్తా అంటాది. జీతానికొచ్చినోళ్లు ఏడుస్తారు. ఆమెకు ఎదురు మాట్లాడేవాళ్లు లేక ముద్ద దిగడంలే. నువ్వు పోయి బాగా కొట్లాడు."

దేని మీద కొట్లాడాలని అడిగాను. నేను ఒప్పుకున్నట్టు అతనికి అప్పుడే తెలిసిపోయింది. బల్ల మీది తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఆ ఇటలీ కొండ మీద ఊరికి నీళ్లు ఎక్కవని ఆమె అంటాది. ఎక్కుతాయని నువ్వను. ఆడ మొదలుపెట్టు."

ఆదోని బస్సు మలుపు తిరిగింది. అతను పరుగందుకున్నాడు. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, ఒక్క మాట అడిగాడు.

"మొదటి దినమే గెలవొద్దక్కా. కొట్లాట ఎనిమిది దినాలు రావాల."