సముద్రం దాకా గీసిన గీత

గ్రీన్ టీ ఆకుల పచ్చివాసన ఎడిన్‌బర్గ్‌లోని మా చిన్న ఫ్లాటంతా పరుచుకోగానే, నా చెయ్యి దానంతటదే కప్పు నింపడం సగం దగ్గర ఆపేస్తుంది. ఇక్కడే మాస్టర్స్ చదువుతున్న సుమ నిన్న వచ్చి కప్పులోకి తొంగి చూసింది. "ఏంటక్కా, సిటీ కౌన్సిల్ వాళ్లు టీకి కూడా రేషన్ పెట్టారా?" అంది. నవ్వొచ్చింది. ఒకప్పుడు నేనూ గుల్నారా గారిని పిసినారి అనుకున్నదాన్నే.

గుల్నారా గారు నా డిసర్టేషన్ గైడ్. ఆవిడ పుట్టింది మధ్య ఆసియాలో, అరల్ సముద్రం ఒడ్డున. చుట్టూ నేలే ఉన్న ఆ సముద్రాన్ని రెండు నదులు నింపేవి. వాటి నీళ్లను పత్తి చేలకు మళ్లించాక సముద్రం ఊరిని వదిలి ఎటో వెళ్లిపోయింది. "మా నాన్న చేపలు పట్టిన పడవ నీడలో ఇప్పుడు ఆవులు కునుకు తీస్తాయి," అని చెప్పి ఆవిడే ముందు నవ్వేవారు. నా కప్పు వైపు చూసి, "నిండా పోస్తే తాగి వెళ్లమని మా దగ్గర అర్థం. సగం పోస్తే, కూర్చో, మళ్లీ పోస్తానని," అన్నారొకసారి. సిగ్గుతో చచ్చిపోయాను.

ఉపగ్రహ చిత్రాలు చూసి ఆ నదుల మ్యాప్ గీయడం నా పని. పాసైతేనే డిగ్రీ. మర్నాడు ఇచ్చెయ్యాలనగా చూపించాను. ఆవిడ వేలు ఆ రెండు నదుల్లో ఒకటైన అము దర్యా వెంట పాకుతూ వెళ్లి ఒకచోట ఆగింది.

"ఈ ముక్క నువ్వే గీశావా?"

"అవునండీ. అక్కడ నది కనపడలేదు. మబ్బు అడ్డొచ్చిందేమోనని సముద్రం దాకా నేనే కలిపేశాను."

అంతర్వేదిలో గోదావరి సముద్రంలో కలవడం చూస్తూ పెరిగినదాన్ని. నది అన్నాక కలవకుండా ఎలా ఉంటుంది? ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వారు. "ఇన్ని దేశాలు ఇన్నేళ్లు మాట్లాడుకుని చెయ్యలేనిది ఒక్క మధ్యాహ్నంలో చేసేశావు!" ఆ తర్వాత మెల్లగా అన్నారు. "అక్కడ నది ఇసుకలో ఇంకిపోతోంది. ఇది ఇలాగే ఇస్తే నేనే ఫెయిల్ చేస్తాను. చూసినవాళ్లు నీళ్లున్నాయనుకుంటారు."

సాయంత్రం దాకా పక్కనే కూర్చుని, సగం కప్పులు పోస్తూనే ఉన్నారు. నేను దిద్దుతూనే ఉన్నాను. పాసయ్యాను. సెలవు తీసుకోవడానికి వెళ్తే నా తప్పు మ్యాప్ ఆవిడ బల్ల పైన గోడకు వేలాడుతోంది. పరువు పోయిందనుకుని, తీసెయ్యమని బతిమాలాను.

"ఉండనీ. ఈ ఒక్క గోడ మీదైనా మా నది సముద్రం చేరనీ," అన్నారు. ఆ రోజు నా కప్పు అంచుల దాకా నింపారు. నవ్వుతూనే ఏడ్చేశాను.

ఇప్పుడు నా ఉద్యోగం కూడా నీళ్ల మ్యాపులు గీయడమే. నీళ్లు ఆగినచోట నా గీత కూడా ఆగుతుంది. నిన్న సుమకు మాత్రం ఇంకో సగం కప్పు పోసి, ఆ గోడ మీది నది కథ మొదలుపెట్టాను.