ఏ సబ్జెక్టు కింద?

లొరెటా చెవి వెనక ఎప్పుడూ పెన్సిలుంటుంది. పిల్లల్ని ఇంట్లోనే చదివించుకునే తల్లులకి అరిజోనా ప్రభుత్వం డబ్బిస్తుంది గానీ, కొన్న ప్రతి వస్తువూ ఏ పాఠానికో రాసి పంపమంటుంది. అందుకని వంటింటి బల్ల దగ్గర, చల్లారిన కాఫీ ముందేసుకుని, విత్తనాలకి సైన్సనీ, కొలత గిన్నెలకి లెక్కలనీ, గుడ్లు పొదిగే పెట్టెకి జీవశాస్త్రమనీ రాస్తూనే ఉంటుంది. "నిద్రక్కూడా ఓ సబ్జెక్టుంటే ఎంత బాగుణ్ణో," అని ఆవలిస్తుంది. తొమ్మిదేళ్ల కూతురు ఒపల్‌కీ ప్రతిదానికీ ఏ సబ్జెక్టని అడగడం అలవాటైంది. ఆ పెట్టెలో పుట్టి, ఒపల్ చేతుల్లో పెరిగిన కోడిపెట్ట మంగళవారం పొద్దున చచ్చిపోయింది. దాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చి, ఏడుపు దిగమింగుకుంటూ అడిగింది: "అమ్మా, పాతిపెట్టడం ఏ సబ్జెక్టు కింద రాద్దాం?" లొరెటా చెయ్యి అలవాటుగా చెవి వెనక్కి పోయింది. పెన్సిలు తీసి బల్లమీద పడేసింది. "దీనికేం రాయక్కర్లేదు తల్లీ. ఏడువు."